కండలేరు దగ్గర రెండు మైళ్లు: చెన్నై రాకలో నావిగేషన్ తేడాపై ఒక కేస్ స్టడీ

విమానాల నిర్వహణ విభాగంలో ఏవియానిక్స్ (విమానాల ఎలక్ట్రానిక్స్) ఇంజినీరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, ఇప్పుడు నెల్లూరులో స్థిరపడ్డాను. ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి పాత కేసులు చెప్పమని అడుగుతారు. వారికి నేను మొదట చెప్పేది ఈ కేసే. ఇందులో ఎవరికీ దెబ్బ తగలలేదు, ఏ విమానమూ పాడుకాలేదు, పత్రికల్లో ఒక్క ముక్కా రాలేదు. అయినా ఏడు వారాల పాటు మమ్మల్ని తప్పుదారి పట్టించిన లోపం ఇది. దాని జాడ చివరికి మా జిల్లా ఆకాశంలోనే దొరికింది. సంస్థ పేరు, విమానాల నంబర్లు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. కేసు అర్థం కావడానికి వాటి అవసరం కూడా లేదు.

ఫిర్యాదు

అప్పట్లో మా దగ్గర ఉన్నవి జీపీఎస్ లేని పాత తరం బోయింగ్ 737లు. హైదరాబాద్ నుంచి చెన్నైకి సాయంత్రం వెళ్లే విమానం కెప్టెన్లు లాగ్‌బుక్‌లో రాస్తూ వచ్చిన మాట దాదాపు ఒకటే: చెన్నై దగ్గరపడి, దిగే దారిలో మలుపు తీసుకునే వేళకు నావిగేషన్ డిస్‌ప్లేలోని పటం ఉన్నట్టుండి పక్కకు జరుగుతోంది, ఆటోపైలట్ ఆ జరిగిన గీతను అందుకోవడానికి విమానాన్ని ఒక్కసారిగా వాలుస్తోంది. ఒక కెప్టెన్ మరికొంత వివరంగా రాశారు. పటం ప్రకారం రన్‌వే మధ్యగీత ఇంకా కుడివైపున ఉండగానే లోకలైజర్ సూది కదలడం మొదలుపెట్టిందనీ, తాను పటాన్ని వదిలేసి లోకలైజర్‌నే నమ్మి దిగాననీ ఆయన రాసిన నాలుగు వాక్యాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆయన చేసింది సరైన పని. లోకలైజర్ అనేది రన్‌వే చివరన నేల మీద నిలబడి ఉన్న యాంటెన్నా నుంచి నేరుగా వచ్చే సంకేతం, పటం మాత్రం విమానంలోని కంప్యూటర్ వేసుకున్న లెక్క. రెండింటికీ పొసగనప్పుడు నేల నుంచి వచ్చే సంకేతానిదే పైచేయి కావాలి.

ఈ తేడా ఎంత అన్నదాన్ని బట్టి దాని బరువు మారుతుంది. రన్‌వేకు పది మైళ్ల దూరంలో లోకలైజర్ సూది చివరికంటా వాలడానికి అర మైలు పక్కకు జరిగితే చాలు. మా కెప్టెన్లు చెబుతున్నది రెండు నాటికల్ మైళ్లు, అంటే 3.7 కిలోమీటర్లు. 1995 డిసెంబర్ 20న కొలంబియాలోని కాలీ విమానాశ్రయానికి వస్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965 విమానంలో, రోజో అనే రేడియో బీకన్ కోసం ఒక్క ఆర్ అక్షరం కొడితే కంప్యూటర్ బొగోటా దగ్గరున్న రోమియో అనే బీకన్‌ను తీసుకుంది. విమానం ఎడమకు తిరిగి, చివరికి కొండను ఢీకొని 159 మంది చనిపోయారు. మా కేసుకూ దానికీ కారణంలో పోలిక లేదు. కానీ దిగే వేళ పటం ఒకటి చెప్పి నేల ఇంకొకటి చెబుతుంటే దాన్ని చిన్న విషయంగా పక్కన పెట్టే హక్కు మాకు లేదని మా విభాగంలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

పెట్టెలు మార్చిన వారాలు

విమానం తానెక్కడున్నదో తెలుసుకునే తీరు ముందు చెప్పాలి. ఐఆర్‌ఎస్ అనే పెట్టెలు రెండు ఉంటాయి. ఒక్కోదానిలో తిరుగుడును కొలిచే లేజర్ గైరోలు మూడు, వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటర్లు మూడు ఉంటాయి. బయలుదేరే ముందు గేటు అక్షాంశ రేఖాంశాలు కొట్టి, పది నిమిషాల పాటు విమానాన్ని కదలనివ్వకుండా ఉంచితే అవి భూమి తిరుగుడును పసిగట్టి ఉత్తరం ఎటో తేల్చుకుంటాయి. దీన్నే అలైన్‌మెంట్ అంటాం. ఆ తరువాత బయటి సాయం ఏమీ లేకుండా, ప్రతి కదలికనూ కూడుకుంటూ తమ స్థానాన్ని తామే లెక్కగడతాయి. కూడికలో దొర్లే చిన్న పొరపాట్లు కూడా కూడుకుంటూనే పోతాయి. గంటకు ఒక మైలు అటూఇటూ కావడం సహజం, రెండు మైళ్ల వరకూ సహించవచ్చు. ఎఫ్‌ఎమ్‌సీ అనే కంప్యూటర్ ఈ లెక్కను తీసుకుని, విమానం తమకు ఎంత దూరంలో ఉందో రేడియో ద్వారా తెలిపే, నేల మీదున్న రెండు డీఎంఈ కేంద్రాల దూరాలతో సరిచూసి ఎప్పటికప్పుడు దిద్దుతూ ఉంటుంది.

పటం జరిగిందని ఫిర్యాదు వస్తే ఎడమ ఐఆర్‌ఎస్ పెట్టెను అనుమానించడం మా రంగంలో ఆనవాయితీ, ఎందుకంటే కంప్యూటర్ మామూలుగా వాడుకునేది దాన్నే. మార్చాము. తీసిన పెట్టెను వర్క్‌షాపుకు పంపితే లోపం ఏమీ లేదని తిరిగి వచ్చింది. మళ్లీ ఫిర్యాదు వచ్చింది, మళ్లీ మార్చాము, అదీ అలాగే తిరిగి వచ్చింది. డీఎంఈ రిసీవర్లు చూశాము, యాంటెన్నా తీగలు చూశాము. 28 రోజులకోసారి మార్చే నావిగేషన్ డేటాబేస్ పాతబడిందేమోనని చూస్తే అదీ సరిగానే ఉంది.

మేము చేస్తున్న తప్పు చాలా మామూలుది, అందుకే కంటపడలేదు. లాగ్‌బుక్ విమానానికి ఒకటి ఉంటుంది. ఏ విమానానికి ఆ విమానం ఫిర్యాదులు చదువుకుంటూ, ఈ విమానంలో రెండుసార్లు, ఆ విమానంలో మూడుసార్లు అని విడివిడిగా లెక్కవేశాము. ఒక రాత్రి డ్యూటీలో ఏడు ఫిర్యాదుల కాగితాలనూ ఒకే బల్ల మీద పరిచి, విమానం నంబరు వదిలేసి, తేదీ, వేళ, ఆ రోజు అది ఎన్నో ప్రయాణం అన్న మూడు విషయాలే ఒక కాగితం మీదికి ఎత్తాను. ఏడింటిలో ఆరు సాయంత్రపు విమానానివే. విమానాలు మూడు, కెప్టెన్లు వేరు వేరు. కానీ ఆరు సందర్భాల్లోనూ అది ఆ విమానానికి ఆ రోజు అయిదో ప్రయాణం. మూడు వేరు వేరు విమానాల్లోని పెట్టెలు ఒకే వేళకు చెడిపోవడం జరిగే పని కాదు. లోపం పెట్టెలో లేదని ఆ రాత్రే నిర్ధారణకు వచ్చాను. అది వేళలోనో, దారిలోనో, లేదా రెండూ కలిసిన చోటో ఉండాలి.

కట్ట మీది మాట

ఆ మధ్యలో సంక్రాంతికి సెలవు దొరికి రాపూరు పక్కనున్న మా ఊరికి వచ్చాను. మా మేనమామ నీటిపారుదల శాఖలో లస్కరుగా కండలేరు కట్ట మీద పనిచేసేవారు. 68 టీఎంసీల నీళ్లు పట్టే ఆ జలాశయం నుంచి కాలువ 152 కిలోమీటర్లు నడిచి పూండి చేరి చెన్నైకి తాగునీరు ఇస్తుంది. హైదరాబాద్ నుంచి చెన్నైకి సూటిగా ఒక గీత గీస్తే అది కూడా దాదాపు ఆ కట్ట మీదుగానే పోతుంది. కనుమ నాటి సాయంత్రం కట్ట మీద నడుస్తుండగా ఆయన తలెత్తి చూసి అడిగారు.

"ఏం అబ్బయా, మీ సాయంత్రం ఇమానానికి దారేమన్నా మార్చినారా? ఎప్పుడూ నడినెత్తి మీద పోయేది. ఈ నెల్లో నాలుగైదు దినాలు తూరుపు పక్కకు జరిగి పోయింది."

"రోజూనా మామా?"

"రోజూ ఎందుకు? ఒకనాడు పోతది, ఒకనాడు పోదు. ఒకసారైతే పడమటి పక్కకు కూడా పోయింది."

తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున పోయే విమానం మూడున్నర కిలోమీటర్లు పక్కకు జరిగితే కింద నిలబడినవారికి నడినెత్తి నుంచి ఇరవై డిగ్రీలకు పైగా వాలి కనిపిస్తుంది. రోజూ అదే చోట నిలబడి, అదే వేళకు తూముల దగ్గర నీటిమట్టం చదివే మనిషికి అది తెలియకుండా ఉండదు. ఆయన మాటను సాక్ష్యంగా రిపోర్టులో రాయలేను, రాయలేదు కూడా. కానీ అంతవరకూ నేను ఆలోచించని ఒక ప్రశ్నను ఆ మాట నా ముందు పెట్టింది. ఇన్నాళ్లూ పటం చెన్నై దగ్గర చెడుతోందనుకున్నాము. విమానమే కండలేరు దగ్గరికే పక్కకు జరిగి ఉంటే, చెన్నై దగ్గర పటం జరగడం చెడటం కాదు, బాగుపడటం. అంతవరకూ తప్పుగా ఉన్న లెక్క అక్కడికి వచ్చాక సరిదిద్దుకుంటోంది. ఆటోపైలట్ గీతను తప్పలేదు, గీతే చోటు తప్పింది. అది తప్పినంత సేపూ డిస్‌ప్లేలో అన్నీ పొందికగానే కనిపిస్తాయి కాబట్టి ఎవరూ ఏమీ రాయలేదు. రాడార్ మీద చూసే కంట్రోలర్లకు కూడా మార్గమధ్యంలో ఆ మాత్రం తేడా పిలిచి చెప్పేంత పెద్దది కాదు.

జంప్ సీటులో

సెలవు నుంచి తిరిగి వెళ్లగానే అనుమతి తీసుకుని సాయంత్రపు విమానంలో కాక్‌పిట్‌లో పైలట్ల వెనుక ఉండే అదనపు సీటులో, అంటే జంప్ సీటులో కూర్చున్నాను. అంతకు ముందు రోజు సర్వే ఆఫ్ ఇండియా పటంలోంచి కండలేరు కట్ట అక్షాంశ రేఖాంశాలు కొలుచుకున్నాను. ఆ పటాలు ఎవరెస్ట్ డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు కొలిచే ఆధారం) మీద గీసినవి, విమానయానం 1998 నుంచి వాడుతున్నది డబ్ల్యూజీఎస్-84. రెండింటి మధ్య తేడా మన ప్రాంతంలో కొన్ని వందల మీటర్లు ఉంటుంది. నేను వెతుకుతున్నది మైళ్లలో ఉన్న తేడా కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

కెప్టెన్ అనుమతితో ఆ అంకెలను కంప్యూటర్‌లో ఒక గుర్తుగా కొట్టాము. డిస్‌ప్లే మీద చిన్న పచ్చని గుర్తు వెలిసింది. ఆ తరువాత వాతావరణ రాడార్‌ను మ్యాప్ పద్ధతికి మార్చి, యాంటెన్నాను కిందికి వంచాము. రాడార్‌కు నేల కాంతిగానూ, నిశ్చలంగా ఉన్న నీళ్లు చీకటిగానూ కనిపిస్తాయి, ఎందుకంటే నీటి మీద పడిన తరంగం వెనక్కి రాకుండా ముందుకు జారిపోతుంది. ఇందులో అసలు కీలకం ఏమిటంటే, పచ్చని గుర్తును ఎక్కడ గీయాలో చెప్పేది కంప్యూటర్ లెక్క, చీకటి మచ్చ ఎక్కడుందో చెప్పేది రాడార్ కొలత. రాడార్‌కు కంప్యూటర్ లెక్కతో పనిలేదు, అది విమానం ముక్కు నుంచి నేరుగా కొలుస్తుంది. లెక్క సరైనదైతే గుర్తు మచ్చ అంచున కూర్చోవాలి.

ఫస్ట్ ఆఫీసర్‌ది ఆత్మకూరు. ఉదయగిరి దాటుతుండగా నలభై మైళ్ల స్కేలు మీద మొదట సోమశిల, ఆ వెనుకే కండలేరు నల్లగా తేలాయి. "సార్, కట్ట అక్కడుంటే మన గుర్తు ఇక్కడుంది," అని అతను వేలుతో చూపించాడు. పచ్చని గుర్తు చీకటి మచ్చను వదిలి తూర్పుగా, దాదాపు రెండు మైళ్ల దూరంలో, ఏ నీళ్లూ లేని నేల మీద నిలబడి ఉంది. అంటే విమానం తాననుకుంటున్న చోటికి రెండు మైళ్లు తూర్పుగా ఎగురుతోంది. గీత మీద మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా నడుస్తోంది. కెప్టెన్ కాసేపు మాట్లాడలేదు. తరువాత చెన్నై కంట్రోలర్‌ను పిలిచి, రాడార్ సాయంతో దిశలు ఇమ్మని కోరారు.

తొమ్మిది నాట్లు

చెన్నైలో విమానం ఆగి, చక్రాలు కదలకుండా చోక్స్ పెట్టి, ప్రయాణికులు దిగుతుండగా నేను పైలట్ల తలల వెనుక పైభాగంలో ఉండే ఐఆర్‌ఎస్ ప్యానెల్ దగ్గర నిలబడి, ఎడమ పెట్టెను ఎంచుకుని మీటను గ్రౌండ్ స్పీడ్ వైపు తిప్పాను. రాయిలా నిలబడి ఉన్న విమానంలో ఆ చిన్న కిటికీ వెలిగి 9 అంకె చూపించింది. తాను తొమ్మిది నాట్ల వేగంతో, అంటే గంటకు తొమ్మిది నాటికల్ మైళ్ల చొప్పున కదులుతున్నానని ఆ పెట్టె నమ్ముతోంది. కుడి పెట్టె 3 చూపించింది. ఈ తొమ్మిది పెట్టె చెడిపోయిందనడానికి గుర్తు కాదు, తయారీదారు ఇచ్చిన హద్దుల్లోనే ఉంది. అందుకే వర్క్‌షాపు వాళ్లు ప్రతిసారీ లోపం లేదని నిజమే చెప్పారు.

ఇక్కడి నుంచి లెక్క తేలిక. ఆ దారిలో రేడియో దిద్దుబాటు ఎక్కడ ఆగిందో చూస్తే, యర్రగొండపాలెం అడవుల పడమర నుంచి కండలేరు దాకా, సుమారు 200 కిలోమీటర్లు, పావుగంట ప్రయాణం. డీఎంఈ దూరంతో స్థానం పట్టడమంటే కేంద్రం చుట్టూ ఒక వృత్తం గీయడం. రెండు కేంద్రాల వృత్తాలు ఒకదాన్నొకటి కోసుకున్న చోటే విమానం ఉంటుంది. విమానం నుంచి చూస్తే ఆ రెండు కేంద్రాల మధ్య కోణం 30 డిగ్రీలకు తగ్గకుండా, 150 డిగ్రీలు దాటకుండా ఉండాలి. మా దారికి అటు చివర ఒక కేంద్రం, ఇటు చివర ఒక కేంద్రం, విమానం సరిగ్గా మధ్యలో. అలాంటప్పుడు వృత్తాలు పక్కపక్కన ఆనించిన రెండు గాజుల్లా తాకుతాయే కానీ కోసుకోవు. ముందువెనుకలు తెలుస్తాయి, కుడిఎడమలు తెలియవు. కాబట్టి కంప్యూటర్ ఆ జంటను వదిలేస్తుంది. మామూలు రోజుల్లో పక్కనున్న మూడో కేంద్రం ఈ లోటు తీర్చేది. ఆ నెలల్లో దాన్ని నిర్వహణ కోసం ఆపి, ఆ సంగతి పైలట్లకు, సంస్థలకు పంపే నోటమ్ అనే అధికారిక ప్రకటనలో సక్రమంగా తెలియజేశారు. మాలో ఎవరమూ ఆ నోటమ్‌ను ఈ ఫిర్యాదులతో కలిపి చదవలేదు. ఫిర్యాదులు ఆ నెలలోనే ఎందుకు మొదలయ్యాయో దానితో తెలిసింది.

దిద్దుబాటు ఆగిన పావుగంటలో ఎనిమిది నాట్ల తప్పుడు వేగం ఉంటే రెండు మైళ్లు. కండలేరు దగ్గర మేము చూసిందీ అదే.

మరి ఉదయం ఎందుకు రాలేదు? తెల్లవారుజామున మొదటి ప్రయాణానికి ముందు పూర్తి అలైన్‌మెంట్ చేస్తారు, కాబట్టి తప్పుడు వేగం సున్నాకు దగ్గరగా ఉంటుంది. తరువాత ప్రతి మజిలీలోనూ అరనిమిషంలో అయ్యే చిన్న అలైన్‌మెంట్ ఒకటుంది: మీటను నావ్ నుంచి అలైన్‌కు తిప్పి, గేటు స్థానం కొట్టి, మళ్లీ నావ్‌కు తిప్పడం. విమానం నిలబడి ఉందన్న ఒక్క నిజాన్ని పెట్టెకు గుర్తుచేస్తే చాలు, అది పోగేసుకున్న తప్పుడు వేగాన్నంతా వదిలేస్తుంది. మా సంస్థ చెక్‌లిస్టులో దాని పక్కన రాసి ఉన్న మాట "అవసరమైతే". పాతిక నిమిషాల్లో విమానాన్ని మళ్లీ పంపాల్సిన ఒత్తిడిలో, అవసరమని ఎవరూ అనుకోలేదు. నేను పైలట్లను తప్పుపట్టను. అవసరం ఎప్పుడో చెప్పని మాటను చెక్‌లిస్టులో రాయడమే తప్పు. అయిదో ప్రయాణానికి వచ్చేసరికి ఉదయం నుంచి పోగైనదంతా పెట్టెలోనే ఉంది.

ఒకనాడు వచ్చి ఒకనాడు రాకపోవడం, ఒకసారి పడమటికి జరగడం మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టింది. ఐఆర్‌ఎస్ వేగంలో తప్పు ఒకే తీరుగా ఉండదు. అది ఊయలలా అటూఇటూ ఊగుతుంది, ఒక్కో ఊపుకు 84.4 నిమిషాలు పడుతుంది. దీన్ని షూలర్ డోలనం అంటారు. జర్మనీకి చెందిన మాక్సిమిలియన్ షూలర్ 1923లో వివరించిన సూత్రం ఇది. భూమి వ్యాసార్థమంత పొడవున్న లోలకం ఊగితే పట్టే కాలమూ ఇంతే. పావుగంట దిద్దుబాటు లేని ఆ ముక్కలోకి విమానం ప్రవేశించేటప్పుడు ఊయల చివరి కొసన ఉందా, నడుమ ఉందా అన్నదాన్ని బట్టి ఆ రోజు తేడా కనిపిస్తుంది, లేదా కనిపించదు. విమానం ఇరవై నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఫలితం మారిపోతుంది. మా మామయ్య కట్ట మీద నిలబడి ఒకనాడు తూర్పు, ఒకనాడు నడినెత్తి, ఒకసారి పడమర అని చెప్పినదానికి ఇంతకంటే సరైన వివరణ నాకు దొరకలేదు.

మార్చినవి

చెక్‌లిస్టులో "అవసరమైతే" తీసేసి, ప్రతి మజిలీలోనూ చిన్న అలైన్‌మెంట్ తప్పనిసరి చేశారు. చోక్స్ పెట్టగానే లైన్ ఇంజినీరు రెండు పెట్టెల గ్రౌండ్ స్పీడ్ చదివి రాయడానికి టెక్నికల్ లాగ్‌లో ఒక గడి చేర్చాము. ఆ గడి కోసం నేను చేసిన వాదన ఇప్పటికీ నాకు ముఖ్యం: పెట్టెను మార్చేముందు ఆ గడిలోని గత పది అంకెలు చూడాలి, చూసి మార్చకూడదనిపిస్తే మార్చకూడదు. డీఎంఈ కేంద్రం ఏదైనా ఆగినట్టు నోటమ్ వస్తే, మా దారుల్లో ఎక్కడ రెండు వృత్తాలు కోసుకోవో ప్రయాణాల ప్రణాళిక వేసే డిస్పాచ్ విభాగం ముందే పైలట్లకు చెప్పడం మొదలుపెట్టింది. ఆ తరువాత మూడు నెలల్లో సాయంత్రపు విమానం నుంచి అలాంటి ఫిర్యాదు రాలేదు.

ఈ పాత కేసును ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. నేటి విమానాల్లో జీపీఎస్ ఉంది కాబట్టి పై గొడవంతా చరిత్ర అని నా దగ్గరికి వచ్చే పిల్లలు అనుకుంటారు. 2023 నవంబర్ నుంచి 2025 ఫిబ్రవరి వరకు మన దేశంలో 465 జీపీఎస్ అంతరాయాలు నమోదయ్యాయని, అందులో ఎక్కువ భాగం అమృత్‌సర్, జమ్మూ ప్రాంతాల్లోనివని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. జీపీఎస్ సంకేతం అణిగిపోయినా, దొంగ సంకేతం వస్తోందని పైలట్ దాన్ని పక్కన పెట్టినా, విమానానికి మిగిలేవి ఐఆర్‌ఎస్, డీఎంఈ కేంద్రాలే. ఆ క్షణం నుంచి అది యర్రగొండపాలెం దాటిన మా పాత 737లాగే ఎగురుతుంది. అప్పుడు ఎంత సేపు, ఎంత తప్పుడు వేగంతో, ఏ కేంద్రాల మధ్య ఎగురుతున్నామన్న మూడు ప్రశ్నలకూ జవాబు పైలట్ చేతిలో ఉండాలి.

ఏడు ఫిర్యాదుల్లో ఆరింటిని ఇలా మూసివేశాను. ఏడోది ఉదయపు మొదటి ప్రయాణానిది. పూర్తి అలైన్‌మెంట్ అయిన గంటలోపే అదే రెండు మైళ్ల తేడా రాశారు. గేటు స్థానం కొట్టేటప్పుడు అంకె తారుమారైందేమోనని అనుమానించాను, కానీ బయలుదేరిన చోట కొట్టిన అంకెలను ఎవరూ కాగితం మీద పెట్టలేదు, పైలట్లిద్దరూ సరిగానే కొట్టామని చెప్పారు. ఆ కాగితం మీద "కారణం తేలలేదు" అని రాసి, తేదీ వేసి, సంతకం చేశాను. మిగిలిన ఆరింటి కట్టలో కలపకుండా దాన్ని విడిగా ఫైలు చేయించాను.